పక్క పొలం బయటివాళ్ల చెవిన పడకముందే కొనాలంటే: సమగ్ర మార్గదర్శి

పల్లెలో పొలం అమ్ముతున్నామని ఎవరూ బోర్డు పెట్టరు. మధ్యవర్తికి ఒక మాట చెబుతారు, వారం తిరిగేసరికి పట్నం నుంచి కార్లు వస్తాయి. ఆ మాట బయటికి పోకముందే గట్టు పక్క రైతుగా మీరు కొనగలగాలంటే డబ్బు ఒక్కటే చాలదు. మీ కొలతలు, అవతలి కుటుంబం పరిస్థితి, భూమి రికార్డు, కట్టాల్సిన సొమ్ము లెక్క ముందే తేలి ఉండాలి.

ఇలాంటి కొనుగోళ్లు బెడిసికొట్టేది ఎక్కువగా ఒక్క కారణం వల్లే: "చిన్నప్పటి నుంచి చూస్తున్న పొలమే కదా" అన్న ధీమా. మీకు తెలిసింది ఆ మట్టి, ఆ నీళ్లు, ఆ మనిషి. ఆ పొలం కాగితం మీకు తెలియదు. ఎక్కడో వేరే మండలంలో కొంటే ఏ కాగితాలు అడుగుతారో, మొహమాటపడకుండా ఇక్కడా అవన్నీ అడగాలి.

ఇక్కడ చెప్పేదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని వ్యవసాయ భూముల గురించి. ఇళ్ల స్థలాలకు పద్ధతి వేరు.

## 1. అసలు మీరు కొనవచ్చా? ముందు ఇది తేల్చుకోండి

"గట్టు పక్కవాడికే మొదటి హక్కు" అని ఊళ్లో అంటారు. అది మర్యాద, చట్టం కాదు. పక్కాయన మీకు చెప్పకుండా ఎవరికి అమ్మినా మీరు కోర్టుకు వెళ్లి ఆపలేరు.

చట్టంలో ముందు హక్కు ఉన్నది తోటి వారసులకు. వీలునామా రాయకుండా చనిపోయిన వ్యక్తి ఆస్తి ఇద్దరు ముగ్గురు వారసులకు వచ్చి, అందులో ఒకరు తన వాటా అమ్ముకోవాలనుకుంటే, మిగతావారు దాన్ని కొనుక్కునే హక్కు హిందూ వారసత్వ చట్టం, 1956లోని 22వ సెక్షన్ ఇస్తుంది. ఇది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అంటే పక్కాయన తమ్ముడు మీకంటే ముందు వరసలో ఉండవచ్చు.

ఇవి కూడా చూసుకోండి:

- ఏజెన్సీ ప్రాంతం: షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. అమ్మేవాళ్లు గిరిజనేతరులైనా సరే కుదరదు. 1959 నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ, అందరూ 1/70 అనేది ఇదే.
- విదేశాల్లో ఉన్నవాళ్లు: ఎన్నారైలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇండియాలో వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున కొందామనే ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది.
- భూపరిమితి: 1973 చట్టం ప్రకారం ఒక కుటుంబానికి భూమి రకాన్ని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు మించకూడదు. కొన్నాక మొత్తం ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

## 2. అవతలి పొలం కంటే ముందు మీ పొలం కొలిపించండి

చాలామంది వదిలేసే అడుగు ఇది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

ఏటా దున్నేటప్పుడు గట్టు కాస్త కాస్త చెక్కుడు పడుతుంది. 660 అడుగుల పొడవున్న గట్టు ఒక్క అడుగు జరిగితే 660 చదరపు అడుగులు, అంటే 73 చదరపు గజాలకు పైగా, దాదాపు ఒకటిన్నర సెంట్లు చేతులు మారినట్టే. మూడు నాలుగు అడుగులు జరిగిన గట్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. అది ఎటు జరిగిందో కొలవకపోతే, మీ భూమికే ఆయనకు డబ్బులిచ్చి కొంటున్నారో, ఆయన భూమిలో కొంత ఇప్పటికే దున్నుకుంటున్నారో తెలియదు. బేరం మధ్యలో ఆ సంగతి బయటపడితే మాట పోతుంది.

మీ సర్వే నంబరుకు ఎఫ్-లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టి, ప్రభుత్వ సర్వేయరుతో హద్దులు చూపించుకోండి. దరఖాస్తు మీ భూమి మీదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సర్వేయరు చుట్టుపక్కల రైతులకు నోటీసు ఇస్తారు, పక్కాయన కూడా వచ్చి నిలబడతారు. ఉమ్మడి గట్టు ఎక్కడుండాలో ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి: ఆంధ్రలో ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు, తెలంగాణలో అలాంటిదే అయిన టిప్పన్, గ్రామ నక్ష. ఆంధ్రలో రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్పీఎం (రీసర్వే భూమి పటం) నంబరు కూడా రాసిపెట్టుకోండి.

## 3. రికార్డులు నిశ్శబ్దంగా చూసుకోండి

భూమి రికార్డు ఎవరైనా చూడవచ్చు. కానీ గ్రామ సచివాలయానికి వెళ్లి "ఫలానా వారి పొలం కాగితాలు చూపించండి" అంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో చూసుకోండి.

ఆంధ్రప్రదేశ్: మీభూమి వెబ్‌సైటులో అడంగల్ (సాగు రికార్డు), 1-బి (యాజమాన్య రికార్డు), గ్రామ పటం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల జాబితా), మార్కెట్ విలువ, 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు).

తెలంగాణ: 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో భూమి వివరాలు, ఈసీ, నిషేధిత భూముల జాబితా. పాత చరిత్ర కావాలంటే 1954-55 ఖాస్రా పహాణీ నుంచి వరసగా పహాణీల (ఏటా రాసే సాగు రికార్డు) నకళ్లు, సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రిజిస్టరు) తీసుకోవాలి.

చూసేటప్పుడు దేని మీద కన్నేయాలంటే:

- పట్టాదారు పేరు, అనుభవదారు పేరు ఒకటేనా? వేరైతే ఎందుకో తెలుసుకోవాలి.
- ఆంధ్రలో ఈ-పంట నమోదు ఎవరి పేరున ఉంది? కౌలుదారు ఉన్నారేమో దీంతో బయటపడుతుంది.
- పాసుపుస్తకాల్లోని విస్తీర్ణాలన్నీ కలిపితే సర్వే నంబరు మొత్తం విస్తీర్ణాన్ని మించుతోందా? మించితే ఆ నంబరులో ఎవరి పుస్తకంలోనో ఎక్కువ రాశారన్నమాట, ఆ కొరత మీ వాటాకు రావచ్చు.
- ఈసీ కనీసం 30 ఏళ్లకు తీయండి. పాత నంబరు, సబ్ డివిజన్ నంబరు, కొత్త నంబరు అన్నిటితోనూ వెతకండి. ఒక్క నంబరుతో వెతికి "ఏమీ లేదు" అనుకోవద్దు.

విస్తీర్ణం చదవడంలో ఒక ప్రమాదం ఉంది. తెలంగాణ కాగితంలో 2-10 అని ఉంటే 2 ఎకరాల 10 గుంటలు, అంటే రెండుంబావు ఎకరాలు. ఆంధ్ర కాగితంలో 2.10 అంటే 2 ఎకరాల 10 సెంట్లు. తేడా 15 సెంట్లు, 726 చదరపు గజాలు. సరిహద్దు మండలాల్లో, రెండు రాష్ట్రాల్లోనూ బంధువులున్న కుటుంబాల్లో నోటిమాట బేరాలు ఇక్కడే తప్పుతాయి. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు. లెక్క ఎప్పుడూ గజాల్లోకి మార్చి సరిచూసుకోండి.

ఈసీలో కనిపించనివి కూడా ఉన్నాయి. వ్యవసాయ సహకార సొసైటీలో తీసుకున్న పంట రుణం, నోటు రాసి తెచ్చిన బయటి అప్పు, తెల్లకాగితం మీద రాసిన అమ్మకం, కోర్టులో నడుస్తున్న దావా. దావాల కోసం ఈ-కోర్ట్స్‌లో జిల్లా ఎంచుకుని పట్టాదారు పేరుతో, వాళ్ల నాన్న పేరుతో వెతకండి. కేసు నడుస్తుండగా కొన్న భూమి, తీర్పు ఎలా వస్తే అలా పోతుంది.

## 4. ఎంత బాగున్నా వదిలేయాల్సిన భూములు

అసైన్డ్ భూమి. ప్రభుత్వం పేదలకిచ్చిన డీ-పట్టా. 1977 నాటి 9వ నంబరు చట్టం అమ్మకాన్ని నిషేధించింది. కొన్నవారి నుంచి భూమిని వెనక్కి తీసుకోవచ్చు. ఆంధ్రలో 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు 2023లో సవరణ తెచ్చారు. అయినా ఆ నంబరు 22-ఎ జాబితా నుంచి పోయిందని కాగితం చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

దేవాదాయ, వక్ఫ్, చెరువు శిఖం, వాగు పోరంబోకు. పక్కాయన తాతల కాలం నుంచి సాగు చేస్తున్నా అది ఆయన అమ్మగలిగేది కాదు.

ఇనాం భూమి. తెలంగాణలో అనుభవదారు హక్కు పత్రం, అంటే ఓఆర్‌సీ వచ్చిందో లేదో చూడాలి. రాకపోతే ముందు అది తెచ్చుకోమనాలి.

సాదా బైనామా భూమి. తెల్లకాగితం మీద కొని, ఇంకా పాత పట్టాదారు పేరునే ఉన్న పొలం. పక్కాయన అమ్ముతున్నారు, పుస్తకం ఇంకొకరి పేరున ఉంది. పట్టాదారు లేదా వారి వారసులు వచ్చి రిజిస్ట్రేషన్ చేస్తేనే ముందుకు వెళ్లండి.

## 5. ఎవరెవరి సంతకాలు కావాలి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. గ్రామాల్లో కోర్టుకెక్కే భూమి తగాదాల్లో చాలా భాగం ఇక్కడి నుంచే వస్తాయి.

మొదట ఆ భూమి పక్కాయనకు ఎలా వచ్చిందో తెలుసుకోండి. ఆయన సొంత డబ్బుతో కొని, రిజిస్టర్డ్ దస్తావేజు ఉంటే ఆయన సంతకం సరిపోతుంది. అయినా భార్యాపిల్లలను సమ్మతిదారులుగా చేర్చడం మంచిది. తాతతండ్రుల నుంచి వచ్చిందైతే కొడుకులతో పాటు కూతుళ్లకూ పుట్టుకతోనే వాటా ఉంటుంది. 2005 సవరణ ఇచ్చిన హక్కు అది. తండ్రి 2005కు ముందే చనిపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకమో కోర్టు డిక్రీతో జరిగిన పంపకమో ఉంటే తప్ప, "ఆడపిల్లలకు కట్నం ఇచ్చేశాం" అన్న మాట చెల్లదు.

కూతుళ్ల చేత సాక్షి సంతకం పెట్టించి అయిపోయిందనుకుంటారు. అది పొరపాటు. సాక్షి సంతకం అంటే అమ్మకం జరగడం చూశానని మాత్రమే. వాళ్ల వాటా మీకు రావాలంటే దస్తావేజు మొదటి పేజీలో అమ్మకందారుల వరసలో వాళ్ల పేరుండాలి, ఆ హోదాలోనే సంతకం, వేలిముద్ర పడాలి.

మైనరు వాటా ఉంటే తండ్రో తల్లో గార్డియన్‌గా సంతకం పెడితే చాలదు. మైనరు స్థిరాస్తి అమ్మడానికి కోర్టు అనుమతి కావాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతోంది. అది లేకపోతే, ఆ పిల్లాడికి 18 నిండిన తర్వాత మూడేళ్ల లోపు దావా వేసి అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మైనరు ఉంటే న్యాయవాది సలహా లేకుండా అడుగు వేయకండి.

వారసుల్లో ఒకరు విదేశంలో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. ఈ పనికి వారాలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టమనండి.

సంతకాల చెక్‌లిస్టు

- కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, చనిపోయినవారి మరణ ధ్రువపత్రాలు
- పెళ్లయిన కూతుళ్ల ఆధార్, ప్రస్తుత చిరునామా
- చనిపోయిన కొడుకు లేదా కూతురు ఉంటే వారి భార్య లేదా భర్త, పిల్లల వివరాలు
- పంపకం జరిగి ఉంటే ఆ దస్తావేజు. నోటిమాట పంపకమైతే అన్నదమ్ములందరి సమ్మతి
- కౌలుదారు ఉంటే, పంట తర్వాత పొలం వదులుతానన్న రాతపూర్వక కాగితం

## 6. ధర: మూడు అంకెలు రాసుకోండి

మొదటిది ప్రభుత్వ విలువ. స్టాంపు సుంకం లెక్కకు కావాలి. దస్తావేజులో రాసే ధర, ప్రభుత్వ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీద సుంకం పడుతుంది.

రెండోది ఊళ్లో నడుస్తున్న ధర. దగ్గరి సర్వే నంబర్ల ఈసీల్లో గత రెండేళ్ల అమ్మకాలు చూడండి. కాకపోతే అక్కడ చాలాసార్లు ప్రభుత్వ విలువే రాసి ఉంటుంది, కాబట్టి ఆ కొన్నవాళ్లనో అమ్మినవాళ్లనో కనుక్కోవాలి. రోడ్డు బిట్టు ధరనూ లోపలి బిట్టు ధరనూ కలిపి చూడకండి.

మూడోది మీకు ఆ పొలం విలువ. ఇది బయటివాడికి ఉండే విలువ కంటే ఎక్కువ. గట్టు పోతుంది, ట్రాక్టరు తిరగడానికి జాగా పెరుగుతుంది, ఒక బోరుతో రెండు పొలాలు తడపవచ్చు, దారి తగాదా ఉండదు. మీరు దాటకూడని పైధర దీన్ని బట్టి ఇప్పుడే కాగితం మీద వేసుకోండి. బేరం వేడిలో వేసుకునే అంకె ఎప్పుడూ తప్పే అవుతుంది.

మధ్యవర్తి లేకపోతే చాలాచోట్ల ఒక్కో వైపు 1 లేదా 2 శాతం మిగులుతుంది. ఆ మిగులులో అమ్మేవాళ్లకు మీవంతు ఇవ్వడం న్యాయం.

ఒక ఉదాహరణ లెక్క: 2 ఎకరాల 10 గుంటలు, ఎకరం 24 లక్షలు అనుకుందాం. 2.25 × 24 = 54 లక్షలు. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 4 లక్షల 5 వేలు. సర్వే, న్యాయవాది, కంచె, మోటారు మరమ్మతులు వేరే. మొత్తం ధర మీద మరో 10 శాతం చేతిలో లేకుండా బయానా ఇవ్వకండి.

అమ్మేవాళ్లు పూర్తి ధర చూపించడానికి పన్ను భయంతో వెనకాడతారు. చాలా సందర్భాల్లో ఆ భయం అక్కర్లేదు. జనాభా 10 వేల నుంచి లక్ష వరకు ఉన్న మున్సిపాలిటీకి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల వరకైతే 6 కిలోమీటర్లు, అంతకు మించితే 8 కిలోమీటర్లు దాటి ఉన్న వ్యవసాయ భూమి అమ్మకం మీద మూలధన లాభాల పన్ను పడదు. ఆ దూరాల లోపల ఉండి, ధర 50 లక్షలు లేదా అంతకు మించితే మాత్రం కొనేవారు 1 శాతం టీడీఎస్ పట్టి కట్టాలి.

అప్పు కావాలంటే ముందే బ్యాంకుకు వెళ్లండి. సన్న, చిన్నకారు రైతులకు భూమి కొనడానికి రుణమిచ్చే పథకాలు కొన్ని బ్యాంకుల్లో ఉన్నాయి. కొన్న భూమినే తనఖా పెట్టుకుంటారు, మీ వాటా సొమ్ము మీరు చూపాలి. బేరం కుదిరాక దరఖాస్తు పెడితే బయానా గడువు దాటిపోతుంది.

## 7. మాట కదిపే పద్ధతి

టీ కొట్టు దగ్గర వద్దు. చావు జరిగిన ఇంట్లో పది రోజుల లోపల వద్దు. అప్పులవాళ్లు వచ్చి వెళ్లిన రోజున అసలే వద్దు. ఇంటికి వెళ్లి, ఇంటి ఆవిడ కూడా వినేలా కూర్చుని చెప్పండి:

"బాబాయ్, మీకు ఎప్పుడైనా అమ్మే ఆలోచన వస్తే బయట చెప్పే ముందు నాకొక మాట చెప్పండి. ఊళ్లో నడిచే ధరకు తక్కువ అడగను. తొందరేమీ లేదు, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ అడిగే చెప్పండి."

ఇంతే. ఆ రోజు ధర అనకండి. ముందు అంకె మీ నోటి నుంచి వస్తే దాన్ని పట్టుకుని రెండో మనిషి దగ్గరికి వెళ్లడం ఎవరైనా చేసేదే.

ఊళ్లో ఉండని వారసులకు మీరు నేరుగా ఫోన్ చేయకండి. పెద్దాయనను దాటి పిల్లలతో మాట్లాడారన్న మాట వస్తే ఆ గుమ్మం మళ్లీ ఎక్కలేరు.

"ముందు నీకే చెబుతా" అన్న మాటకు కాగితం కావాలంటే, కొంత సొమ్ము ఇచ్చి గడువు రాసుకోవాలి. ఏమీ ఇవ్వకుండా రాయించుకున్న వాగ్దానం కాంట్రాక్టు చట్టం కింద సాధారణంగా నిలవదు. దగ్గరివాళ్ల మధ్య మాత్రం మాటే మేలు.

దారి మూసి, నీళ్లు ఆపి, గట్టు చెక్కి అవతలివాళ్లను విసిగించి అమ్మించుకునే పద్ధతి కొన్ని ఊళ్లలో ఉంది. అది అన్యాయం. 20 ఏళ్లుగా వాడుతున్న దారిని ఆపే హక్కు మీకు లేదు, కోర్టు నుంచి ఇంజంక్షన్ ఆర్డరు వస్తుంది. వయసు పైబడిన, చదువు రాని మనిషి దగ్గర తక్కువకు రాయించుకున్నా ఒత్తిడి పెట్టి రాయించుకున్నారని తర్వాత రద్దు చేయించవచ్చు. పెద్దాయనను మరో ఇద్దరిని ధర అడిగి రమ్మని మీరే చెప్పండి. మీ కొనుగోలుకు అంతకు మించిన రక్షణ లేదు.

## 8. బయానా, అగ్రిమెంటు

బయానా ఇచ్చే ముందే ఒరిజినల్ పాసుపుస్తకం, లింకు దస్తావేజులు (ఆ భూమి గత అమ్మకాల పత్రాలు) కళ్లతో చూడండి. "బ్యాంకులో ఉన్నాయి" అంటే ఏ బ్యాంకు, ఎంత బాకీ అని అడగండి. రుణం ఉంటే బయానా సొమ్ములో ఆ మేరకు నేరుగా లోను ఖాతాకే కట్టి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి. మండలంలోని సొసైటీ నుంచి కూడా తీసుకోవాలి.

సొమ్మంతా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి కోసం 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా పడే నిబంధన ఉంది. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి పన్ను కట్టే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉన్నా, జరిమానా పడితే పడేది తీసుకున్న పక్కాయన మీద. ఆయనను ఆ ఇబ్బందిలోకి నెట్టవద్దు.

అగ్రిమెంటులో ఉండాల్సినవి:

- అమ్మకందారులందరి పేర్లు, సర్వే నంబరు, సబ్ డివిజన్, నాలుగు హద్దులు
- ఎకరం ధర రాసి, "కొలతకు వచ్చిన విస్తీర్ణానికే" అన్న మాట. మొత్తం ధర మాత్రమే రాస్తే 10 సెంట్లు తగ్గినా అడగలేరు.
- బయానా ఎంత, మిగతా ఎప్పుడు, ఏ తేదీలోపు రిజిస్ట్రేషన్
- బోరు, మోటారు, స్టార్టరు, పైపులు, విద్యుత్ సర్వీసు నంబరు, చెట్లు: ఏవి అమ్మకంలో ఉన్నాయి, ఏవి లేవు
- పొలంలో ఉన్న పంట ఎవరిది, ఏ నెలకు కోత
- రికార్డులో లోపం బయటపడితే బయానా ఎన్ని రోజుల్లో వెనక్కి

రెండు జాగ్రత్తలు. తెలుగు రాష్ట్రాల్లో భూమి అగ్రిమెంటును కూడా రిజిస్టర్ చేయాలన్న సవరణ ఉంది. చేయిస్తే అది ఈసీలో కనిపిస్తుంది, అదే పొలాన్ని మరొకరికి రాసివ్వడం కష్టమవుతుంది. అగ్రిమెంటు దశలోనే పొలం మీకు అప్పగించినట్టు రాస్తే అమ్మకం దస్తావేజుకు కట్టే స్టాంపే దీనికీ పడుతుంది. కాబట్టి స్వాధీనం రిజిస్ట్రేషన్ రోజుకే పెట్టుకోండి. ఇప్పటికే మీరు కౌలుకు చేస్తుంటే ఆ సంగతి విడిగా, స్పష్టంగా రాయండి.

గడువు దాటితే ఊరుకోకండి. ఒప్పందం అమలు కోరుతూ దావా వేయడానికి గడువు మూడేళ్లే. అందులో రాసిన తేదీ నుంచి లెక్క.

## 9. కొలత, నీళ్లు, దారి

రిజిస్ట్రేషన్‌కు ముందు కొనే పొలాన్ని కొలిపించండి. మీ పొలం అప్పటికే కొలిచి ఉంటే ఒక పక్క హద్దు తేలిపోయినట్టే, మిగతా మూడు పక్కలవాళ్లూ రావాలి. రాళ్లు పాతి, పంచనామా మీద వాళ్ల సంతకాలు తీసుకోండి. విస్తీర్ణం తగ్గితే ఆ రోజే ధర సవరించుకోండి.

మొత్తం కాకుండా ఒక ముక్కే కొంటుంటే స్కెచ్ తప్పనిసరి. మిగిలిన ముక్కకు దారి ఎటు నుంచో దస్తావేజులోనే రాయాలి. లేకపోతే పదేళ్ల తర్వాత ఆ మిగతా ముక్క కొన్న కొత్త మనిషి మీ చేలో నుంచి దారి అడుగుతాడు.

బోరు ఉంటే ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుందో ఏప్రిల్, మే నెలల్లో మీరే గమనించండి. పక్కనే ఉంటారు కాబట్టి ఇది మీకు మాత్రమే దొరికే వీలు. అన్నదమ్ముల ఉమ్మడి బోరైతే ఎవరి వాటా ఎన్ని గంటలో రాయించండి. పంట కాలువ బోదె, బండ్ల బాట, డొంక పటంలో ఉన్నాయా, కేవలం వాడుకలో ఉన్నాయా అన్నదీ చూడాలి.

## 10. రిజిస్ట్రేషన్ రోజు

ఆంధ్రలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం. తెలంగాణలో వ్యవసాయ భూమికి తహసీల్దారే రిజిస్ట్రేషన్ చేస్తారు, భూభారతిలో స్లాట్ బుక్ చేసుకోవాలి.

- ఉదయమే మరోసారి ఈసీ తీయండి. బయానాకూ ఈ రోజుకూ మధ్య ఏదైనా ఎక్కి ఉండవచ్చు.
- దస్తావేజు ముసాయిదాను రెండు రోజుల ముందే ఇరువైపులవాళ్లూ చదవాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, తండ్రి పేరు, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం అక్షరం సరిచూడాలి.
- అందరి ఆధార్, పాన్, ఫొటోలు, ఇద్దరు సాక్షులు
- ఒరిజినల్ పాసుపుస్తకం, లింకు దస్తావేజులు చేతికి తీసుకోవాలి
- మిగతా సొమ్ము వివరాలు దస్తావేజులో రాయాలి

వారసుల్లో ఒకరు ఆ రోజు రాకపోతే "మళ్లీ వచ్చి పెడతార్లే" అని మొత్తం సొమ్ము ఇవ్వకండి. సంతకం చేసిన దస్తావేజును నాలుగు నెలల లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయవచ్చు. ఒకరిద్దరు తర్వాత రావాల్సి ఉంటే వాళ్ల వాటా సొమ్ము అప్పుడే ఇవ్వండి.

## 11. తర్వాత చేయాల్సినవి

మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయి 1-బి లేదా పాసుపుస్తకంలో మీ పేరు, సరైన విస్తీర్ణం వచ్చాయని మీరే చూసుకోవాలి. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌తో పాటే అవుతుంది. ఆంధ్రలో ఆన్‌లైన్‌లో మారిందో లేదో వెంటపడి చూడండి. విద్యుత్ సర్వీసును మీ పేరున మార్పించుకోండి. సర్వీసు పాత పేరునే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ పనులప్పుడు చిక్కు వస్తుంది.

పీఎం కిసాన్‌కు అర్హత 2019 ఫిబ్రవరి 1 నాటి భూమి లెక్క మీద ఉంటుంది. ఇప్పుడు కొన్న భూమి మీద కొత్తగా వస్తుందని లెక్కలో వేసుకోవద్దు.

ఉమ్మడి గట్టును వెంటనే చదును చేయకండి. మ్యుటేషన్ పూర్తయి, పుస్తకం చేతికొచ్చి, ఒక పంట కాలం గడిచేదాకా అలాగే ఉండనివ్వండి. ఈలోపు ఎవరైనా వారసుడు అభ్యంతరం చెబితే ఆ గట్టే ఎవరి భూమి ఎంతవరకో చూపే గుర్తు. చదును చేసినా సర్వే రాళ్లను మాత్రం తీయకండి. రెండు సర్వే నంబర్లూ రికార్డులో విడివిడిగానే ఉంటాయి. మీ పిల్లలు పంచుకున్నా, ఒకదాని మీద బ్యాంకు అప్పు తెచ్చినా, సర్వేయరు వచ్చి మొదట వెతికేది ఆ రాళ్లనే.